నీలి లుంగీ పాట

సల్మాబాద్ కార్మికుల క్యాంపులో స్వామి ఊరికి బ్యాగు సర్దుతున్నాడు. బహ్రెయిన్‌లోనే ముసలివాడైన పాటగాడు ముత్తన్న మంచం చివర తలవంచుకుని కూర్చున్నాడు.

“మల్లికను తోల్కరానీకి పోతున్నవా?”

“వస్తదా కాకా? నా నీలి లుంగీ కప్పుకొనే పండుకుంటున్ననని ఫోన్ల మొగన్నని నాకొక్కనికే చెప్పింది. నువ్వు పాట కట్టినవ్.”

“నాకు చెప్పింది నువ్వే గద బిడ్డా. మంచిగనిపిచ్చి కట్టిన. పేరు పెట్టలే.”

“వీడియోల నీ పక్కన డప్పు కొట్టింది నేనాయె. ఊరోళ్లకు ఇంక పేరెందుకు? నీలి లుంగీ ఆరేసినవా అని నవ్విన్రట. తల్లిగారింటికి పోయింది.”

“ఆ పాట తీసేపిస్త.”

“ఎన్ని ఫోన్లల్లకెల్లి?”

ముత్తన్న లేచి బ్యాగు జిప్పు తనే లాగాడు.

“తప్పు ముసలోనిదని చెప్పు.”

“డప్పు ఎవలు కొట్టిన్రంటే?”

స్వామి బతుకమ్మ పండుగకు ముందు వెళ్ళాడు. మల్లిక ఆ పండుగకు తిరిగి రాలేదు, ఆ తర్వాతా రాలేదు.