పేర్లు లేని ప్రశ్నలు

రహస్య ఓటింగని మీరే చెప్పారు కదా సార్, మరిప్పుడు నన్ను మెట్ల దగ్గర ఆపి సంజాయిషీ అడగడమేంటి? ఆ, నేనే. మీ ప్రశ్నని పడగొట్టింది నేనే. కూర్చోండి, నిలబడి వినే సంగతి కాదు.

మీదని ఎలా తెలిసిందా? పేర్లు తీసేసి నంబర్లేసి ఇచ్చారు, నిజమే. కానీ అంబులెన్సులోనే ప్రసవమైపోతే ఆసుపత్రి చేరేదాకా బిడ్డ ఒళ్ళు చల్లబడకుండా ఎలా చూడాలని ప్రతి శిక్షణ తరగతిలోనూ అడుగుతూనే ఉంటారు మీరు. పదిహేనేళ్ళుగా వింటున్నా. ఆ మాత్రం పోల్చుకోలేనా?

వచ్చిన ప్రశ్నలన్నిట్లోంచీ దేశం మొత్తానికీ పదే ఎంచాలి. మా అంబులెన్సు పని మీద రాబోయే ఐదేళ్ళూ పరిశోధనంటూ జరిగితే ఆ పదింటి మీదే. ఒక్కోదానికీ ఒకటి నుంచి తొమ్మిది దాకా మార్కులు, ఎక్కువొచ్చినవే నిలుస్తాయి. మీరు పెట్టిన పద్ధతే. నేనేం చేశానంటే, భోజనాల దగ్గర మావాళ్ళ చెవిన వేశాను. పెద్ద డాక్టరుగారి ప్రశ్నకి ఒకటే వెయ్యండి, ఎందుకో తర్వాత చెప్తానని. ఎనిమిదిమంది వేశారు. మీది ఇరవయ్యో స్థానానికి జారిపోయింది.

ఎందుకా? అదీ నేనే చెప్పాలా?

మా తమ్ముడు గుర్తున్నాడా సార్? నాతోపాటు అదే బండిలో పనిచేసేవాడు. మనుషుల్లేరని వరసగా మూడు డ్యూటీలు చేయించారు. మూడోది దిగి, పట్టపగలు, మోటార్ సైకిల్ మీద ఇంటికెళ్తుంటే కునుకు పట్టింది. ఇంకో రెండు వీధులు దాటితే ఇల్లే. లారీ కిందకి వెళ్ళిపోయాడు. విచారణకి పెద్ద మీరు. రిపోర్టు కింద చేత్తో ఏం రాశారు? అలసట వల్లే జరిగిందనడానికి పరిశోధనల్లో ఆధారాలు లేవు. మృతుడి నిర్లక్ష్యమే కారణం. ఆ కాగితాన్ని మా మరదలు బీరువాలో చీరల కింద దాచింది. పిల్లలు చదువుతారని భయం.

ఆధారాలు లేవా, సరే, పుట్టిస్తాననుకున్నా. వరసగా డ్యూటీలు చేసేవాడి కళ్ళు ఎన్ని గంటలకి మూతపడతాయి? అదీ నా ప్రశ్న. ఇవాళ మొదటి స్థానం దానిదే. ఆధారాలు రానివ్వండి, ఆ రెండు వాక్యాలూ మీ చేతే కొట్టేయిస్తా.

మీ ప్రశ్న మంచిది కాదని నేనన్నానా? పోయిన నెల్లోనే నా చేతుల్లో ఒక ఆడపిల్ల పుట్టింది. ఉన్న ఒక్క దుప్పటీ తల్లికి కప్పేశా. బిడ్డని చొక్కా లోపల గుండెకి అదుముకుని కూర్చున్నా. ఆసుపత్రి గేటు దాకా పాదాలు చల్లగానే ఉన్నాయి. బతికింది. ఎలా బతికిందో నాకు తెలీదు. తెలుసుకోవాల్సిన సంగతే అది. దానికి ఒకటేశా. తెలిసే వేశా.

కసి తీరిందనే అనుకున్నా సార్. తీరా మార్కులు సరిచూడమని కాగితాల కట్ట నా చేతికే ఇచ్చారు. మీ చేతిరాత నాకు తెలీకపోవడమేంటి, ఆ రెండు వాక్యాలూ ఎన్నిసార్లు చదివానని. నా ప్రశ్నకి మీరు తొమ్మిది వేశారు. పక్కన చిన్న అక్షరాలతో, ఇది నేను అప్పుడే అడగాల్సింది, అని రాశారు.

ఎవరు వెయ్యమన్నారు మిమ్మల్ని? మీరూ ఒకటే వేసుంటే నేనీపాటికి హాయిగా ఇంటికెళ్ళేదాన్ని.