నిలబడ్డ బండికి కూలర్

కోరుట్లలో బంద్. సగం దించిన షట్టర్ వెనక, మెకానిక్ విప్పి పెట్టిన తన టాక్సీ ముందు డ్రైవర్ నీరసంగా కూర్చున్నాడు.

“నువ్వు పెట్టిచ్చే సూపర్‌చార్జర్ గాలిని నొక్కి ఇంజన్ లోపటికి పంపుతదన్నా. నొక్కితె గాలి వేడెక్కుతది. ఇంటర్‌కూలర్ గూడ పెడితెనే సల్లవడుతది,” అన్నాడు మెకానిక్.

“ఎందుకు తమ్మీ? కొడిమ్యాల కాడ రాస్తారోకో, వేములవాడ కాడ ధర్నా. నిలవడ్డ బండి దానంతటదే సల్లారుతది.”

“ఇయ్యాల్టికైతె సరే.”

“నిన్న గూడ గంతేనాయె. నిలవడి నిలవడి పానం ఇసిగి యాష్టకచ్చింది.”

“మరి తెలంగాణ అచ్చినంక?”

డ్రైవర్ షట్టర్ కిందినుంచి ఖాళీ రోడ్డును చూశాడు. కాళ్ళు పీకుతున్నాయి. పొద్దున ధర్నాలో తను కూడా తెలంగాణ జెండా పట్టుకుని కూర్చున్నది ఆ రోడ్డు మీదే.

“ఏమంటవన్నా, వద్దా?”

“పెట్టు,” అన్నాడు. “అప్పుడు బండి ఆగద్దు మరి.”