గేటు పట్టుకున్న చెయ్యి

ఇంగ్లండులో హంబర్ నది దాపున, హెడ్లీ గార్బట్ కోళ్ళఫారం వెనక, చలికాలమంతా జనం ఇల్లులా అమర్చుకుని తిరిగే తమ మోటర్‌హోమ్‌లు, వ్యాను వెనక తగిలించే కారవాన్లు పెట్టుకునే రెండెకరాల యార్డు. మార్చి నెల, గురువారం పొద్దున. ఆఫీసు గదిలోకి మేవిస్ థాక్రే కోటు విప్పకుండానే వచ్చింది. ఆమె మోటర్‌హోమ్ దొంగలపాలై తొమ్మిది రోజులైంది.

"కూర్చోను. కూర్చోడానికి రాలేదు నేను. కాయితం చదివావా లేదా, అది చెప్పు హెడ్లీ."

"చదివాను టీచరమ్మా."

"అయితే?"

"టీ పెట్టమంటారా?"

"నీ టీ ఎవరిక్కావాలి. ముప్ఫయ్యొక్క మంది సంతకాలు పెట్టారు. ఇక్కడ బళ్ళు పెట్టుకున్నవాళ్ళలో సగం మంది. ఇంటింటికీ నేనే తిరిగాను, ఈ మోకాళ్ళతో. జెత్రో లవెల్ ఇవాళ సాయంత్రంలోగా తన కారవాన్ తీసుకుని పోవాలి. లేకపోతే మేమందరం పోతాం. అందులో అర్థం కానిదేముంది?"

"ఆరేళ్ళుగా ఇక్కడే పెట్టుకుంటున్నాడాయన. ఇప్పటిదాకా ఒక్క మాట రాలేదు."

"ఆయనట, ఆయన."

"మరేమనాలి?"

"ఊరూరూ తిరిగే జాతి. ఇవాళ ఇక్కడ, రేపు ఇంకోచోట. నీకు తెలీదా? మీ నాన్న ఉండగా ఈ గట్టు మీద ఒక్కణ్ణి దిగనిచ్చాడా?"

"మా నాన్న కోడి దొంగల్నీ దిగనివ్వలేదు, మెథడిస్టు చర్చివాళ్ళనీ దిగనివ్వలేదు."

"వేళాకోళం వద్దు."

"వేళాకోళం కాదండీ. లవెల్ ఇంటికి పోలీసులు వెళ్ళారు కదా. శనివారం మీరు ఫోను చేశారు, సాయంత్రానికల్లా వెళ్ళారు. నాలుగు గంటలసేపు. ఇంట్లో నేల చెక్కలు కూడా పీకారట. పాతిక అడుగుల బండి కోసం చెక్కల కింద వెతికారు."

"తాళంచెవుల కోసం వెతికుంటారు."

"దొరికాయా?"

"దొరకనంత మాత్రాన..."

"దొరకలేదు. వదిలేశారు. మంగళవారం వచ్చి, ఆయనకీ దీనికీ సంబంధం లేదని చెప్పి వెళ్ళారు."

"ఎలా చెప్పారు? దేన్ని చూసి చెప్పారు?"

"వాళ్ళ లెక్కలు వాళ్ళకుంటాయి."

"ఇదిగో, ఇక్కడే పట్టుకుంటాను నిన్ను. చర్చి ఆదివారం బడిలో నీకు ఐదేళ్ళు పాఠం చెప్పాను నేను. కానుకల పెట్టె పగిలినరోజు ఎవరు పగలగొట్టారని అడిగితే నువ్వు నీ బూట్ల వంక చూశావు. ఇప్పుడూ బూట్లే చూస్తున్నావు."

"ఆ పెట్టె పగలగొట్టింది నేను కాదు టీచరమ్మా."

"నాకు తెలుసు. నీ చెల్లెలు. నువ్వు దాచావు. నువ్వు మొదట్నుంచీ దాచే రకమే. నీ భార్య నిన్న పోస్టాఫీసు దగ్గర కనిపించింది. పోలీసులు కెమెరా రికార్డు పట్టుకెళ్ళారంది. నువ్వు నాకేం చెప్పావు? కెమెరాకి సాలెగూడు పట్టింది, సరిగ్గా పడలేదన్నావు."

"వెనక గోడ కెమెరాకి పట్టింది. అది నిజం."

"గేటు కెమెరాకో?"

"టీ చల్లారిపోతుంది."

"పెట్టనే లేదు కదా నువ్వు!"

"పెడతాను, ఆగండి. చూడండి టీచరమ్మా, తప్పంతా నాదే. గేటు మోటారు నవంబరులో కాలిపోయింది. తెప్పించిన భాగం దీనికి సరిపడలేదు. మళ్ళీ రాశాను, ఇంకా రాలేదు. మీటల మీద నంబరు కోడు కొడితే గడియ ఊడుతుంది గానీ, గేటు తియ్యడం వెయ్యడం మీ చేతుల మీదే నడిపించాను. అది నా తప్పు. ఇన్సూరెన్స్ వాళ్ళడిగితే అదే చెప్తాను. మీరు కూడా నా మీదే రాయండి. లవెల్ని వదిలెయ్యండి."

"నీ తప్పు నీకుంది, అది ఎక్కడికీ పోదు. కానీ గేటు మోటారు నా బండి తోలుకుపోలేదు. మనిషి తోలుకుపోయాడు. ఆ మనిషి తాళం బద్దలు కొట్టి రాలేదు. కంచె కొయ్యలేదు. పట్టపగలు గేటులోంచి వచ్చాడు. అంటే వాడి దగ్గర కోడైనా ఉండాలి, లేదా ఎవరైనా రానిచ్చి ఉండాలి. కోడు లవెల్ దగ్గరుంది."

"అరవై మంది దగ్గరుంది."

"బోర్డు మీద ఎర్ర అక్షరాలతో ఏం రాశావు నువ్వు? చదువు."

"ఎవరి కోడు వాళ్ళే కొట్టుకోవాలి. వెనక వచ్చేవాళ్ళ కోసం గేటు పట్టుకోరాదు."

"ఎవరు పాటిస్తున్నారు? ఒక్కరు? మొహం మీద గేటు వేస్తే బాగుండదని అందరూ పట్టుకుని నిలబడతారు. రండి రండి అంటారు. ఇంగ్లండులో మర్యాదకి బళ్ళు పోతున్నాయి. ఈ యార్డులో ఆ బోర్డుని లెక్కచేసేదాన్ని నేనొక్కదాన్నే."

"మీరొక్కరే."

"ఆ మంగళవారమే చూడు. ఉతికిన కర్టెన్లు తగిలించడానికి వచ్చాను. కోడు కొట్టి, కారు లోపలికి తోలి, గేటు వెయ్యడానికి దిగానో లేదో, వెనకే లవెల్ వ్యాను. వాన. నేనేం చేశాను? గేటు వేసేశాను. నీ కోడు నువ్వు కొట్టుకో నాయనా, బోర్డు చూడు అన్నాను. వాడి కోసం రూలు మారుతుందా?"

"వానలో దిగి కొట్టుకున్నాడు."

"కొట్టుకోనీ."

"రెండుసార్లు కొట్టాడు. తడిసిన వేళ్ళకి మీటలు సరిగ్గా పడవు."

"నీకెలా తెలుసు?"

"...ఆయనే చెప్పాడు."

"చెప్పాడూ? నా మీద నీకు ఫిర్యాదు చేశాడన్నమాట. అదీ సంగతి. అందుకే కక్ష కట్టాడు. పదిన్నరకి గేటు వేశాను, పన్నెండు లోపే నా బండి పోయిందని పోలీసులన్నారు. ఇంతకంటే ఏం కావాలి నీకు?"

"ఫిర్యాదు చెయ్యలేదండీ. నవ్వుతూ చెప్పాడు. టీచరమ్మకి రూలంటే రూలే అన్నాడు."

"వాడి నవ్వు ఎవరిక్కావాలి."

"బండి ఎక్కడుందో చెప్పే ట్రాకర్ సంగతి ఏమైంది? బండిలో ఉంది కదా మీకు."

"మాట మార్చకు."

"అడుగుతున్నాను."

"బ్యాటరీ స్విచ్ ఆపేశాను. చలికాలం మూడు నెలలు నిలబడితే బ్యాటరీ దిగిపోతుందని అందరూ ఆపుతారు. మా ఆయన రెజ్ కూడా ఆపేవాడు. దాంతో ట్రాకరూ పడుకుంటుందని ఎవరికి తోస్తుంది?"

"నాకూ తోచలేదు. అది కూడా బోర్డు మీద రాయాలి."

"రాసుకో. నా బండి తెచ్చిపెట్టి రాసుకో. హెడ్లీ, అందులో ఏముందో తెలుసా నీకు? రెజ్ మ్యాపులున్నాయి. వెళ్ళాలనుకున్న ఊళ్ళన్నిటికీ పెన్సిలుతో సున్నాలు చుట్టాడు. నలభై రెండు. ఇద్దరం కలిసి పదకొండు చూశాం. ఆయన పోయాక నేను ఒంటరిగా తొమ్మిది. అరవయ్యారేళ్ళప్పుడు అంత బండి తోలడం నేర్చుకున్నాను. మొదటిరోజు వెనక్కి తియ్యబోయి నీ కోళ్ళ షెడ్డు గుద్దాను."

"ఆ రేకు ఇంకా అలాగే ఉంది."

"నవ్వించకు నన్ను. ఇంకా ఇరవై రెండు ఊళ్ళున్నాయి. ఏ ఊళ్ళో గుర్తులేదు నాకు. ఆ మ్యాపులోనే ఉన్నాయి. అందుకే చెప్తున్నాను. వదిలిపెట్టను. నాకు సాక్షి కూడా ఉన్నాడు. పోలీసులకి చెప్పాను, రాసుకున్నారో లేదో."

"ఏ సాక్షి?"

"ఆరోజు నేను వెళ్ళేటప్పుడు ఒక పెద్దమనిషి వచ్చాడు. భార్యాభర్తలు. బూడిదరంగు చిన్న కారు. ఆవిడ ఒళ్ళో తెల్ల కుక్కపిల్ల. కారు అద్దానికి మా మోటర్‌హోమ్ల క్లబ్బు స్టిక్కర్. నన్ను చూడగానే చెయ్యి ఊపాడు. నీకు బండి లేదు గనక తెలీదు. మేం రోడ్డు మీద ఎదురుపడితే ముక్కూమొహం తెలీకపోయినా చెయ్యి ఊపుకుంటాం. చెయ్యి ఊపేవాడు మనవాడు, ఊపనివాడు అద్దెబండివాడు అనేవాడు రెజ్."

"ఏం మాట్లాడారు?"

"ఏముంది, మామూలే. మీది ఏ బండి అన్నాడు. ఇరవై మూడో నంబరు స్థలంలో ఉంది, పక్కన ఆకుపచ్చ చార ఉంటుంది చూడండన్నాను. ఎంత శుభ్రంగా పెట్టుకున్నారు అంది ఆవిడ. మళ్ళీ ఎప్పుడు బయల్దేరతారంటే, ఈస్టర్ దాకా కదిలించను, శనివారం దాకా ఇటు రాను కూడా అన్నాను. చాలా మర్యాదస్తులు. లవెల్ లోపల తిరుగుతుండడం వాళ్ళు చూసే ఉంటారు. వాళ్ళని వెతికించు."

"వెతుకుతూనే ఉన్నాం టీచరమ్మా."

"ఏ నంబరు స్థలం వాళ్ళది?"

"వాళ్ళది... తెలీదు."

"తెలీదా? నీ యార్డులో బండి పెట్టుకున్నవాళ్ళు నీకు తెలీదా? పుస్తకం తియ్యి. చూడు."

"చూశాను."

"చూస్తే?"

"పాలు తక్కువ పొయ్యనా?"

"హెడ్లీ."

"చక్కెర ఒకటి కదా మీకు."

"హెడ్లీ గార్బట్. గేటు కెమెరా రికార్డు పెట్టు."

"పెట్టను."

"ఎందుకు పెట్టవు?"

"మీ మంచికే చెప్తున్నాను. ఇంటికెళ్ళండి. కాయితం నా దగ్గరుంచండి. ఈస్టర్ వెళ్ళాక మాట్లాడుకుందాం."

"నా మంచి నువ్వు చూస్తావా? గేటు ఎవరో పట్టుకున్నారు, అది నీకు తెలుసు. వాళ్ళని కాపాడుతున్నావు. ప్రార్థనకొచ్చే మనిషా? నాతోపాటు పాటలు పాడే మనిషా? అయినా సరే. ఆ మనిషి పేరు బోర్డు మీద ఎర్ర అక్షరాలతో రాయించి తీరతాను. నలుగురి ముందూ తల దించుకోవాలి."

"వద్దులెండి. మనిషన్నాక ఏదో పొరపాటు..."

"పొరపాటు కాదు. రూలు ఒకటే. ఒకరికి ఒకటి, ఇంకొకరికి ఇంకొకటీ ఉండదు."

"ఉండదా?"

"ఉండదు. ...ఏమిటా చప్పుడు?"

"లవెల్."

"ఏం చేస్తున్నాడు?"

"కారవాన్ వ్యానుకి తగిలిస్తున్నాడు. మీ కాయితం సంగతి ఎవరో చెప్పారు. పొద్దున ఏడింటికే వచ్చాడు. వెళ్ళొద్దని బతిమాలాను. నా వల్ల నీ యార్డు సగం ఖాళీ అవడం ఎందుకులే అన్నాడు."

"చూశావా? తప్పు చేసినవాడు గనకే పోతున్నాడు. నిజాయితీపరుడైతే నిలబడి..."

"చాలు."

"ఏమన్నావు?"

"చాలన్నాను టీచరమ్మా. కూర్చోండి. ఇప్పటిదాకా నేను బూట్లు చూశాను. ఇప్పుడు మీరు ఈ తెర చూడండి. నిన్న రాత్రి నా భార్య, ఆమెకి చూపించకు, అసలే ఒంటరి మనిషి అంది. పోలీసాయన, నీ ఊరి మనిషి గదా, నువ్వే చెప్పుకో అన్నాడు. ఎవరూ చెప్పలేక మీ కోపాన్ని లవెల్ మీదకి వదిలేశాం. కూర్చోండి."

"కేకలెయ్యకు నా మీద."

"వేస్తాను. పదకొండుంబావు, చూడండి. వాన వెలిసింది. ఇది మీ నీలం కారు. బయటికి వెళ్తున్నారు. మీరు దిగారు. గేటు తీశారు. ఇదిగో బూడిదరంగు కారు, అవతలి నుంచి."

"ఆ పెద్దమనిషే. అదిగో కుక్కపిల్ల. చెప్పానుగా."

"ఆయన కోడు కొట్టలేదు."

"గేటు తీసే ఉంది కదా, ఎందుకు..."

"ఎందుకు తీసుంది? గాలికి పడిపోతుందని రెండు చేతులా పట్టుకున్నారు మీరు. మాట్లాడారు. అదిగో చూపిస్తున్నారు, ఇరవై మూడు ఎటో. లోపలికి వెళ్ళాక గేటు మీరే వేశారు. ఇప్పుడు పదకొండూ ముప్ఫయ్యారుకి జరుపుతున్నాను. ఇదిగో మళ్ళీ గేటు. కారు ఆవిడ తోలుతోంది. కుక్కపిల్ల పక్క సీట్లో ఉంది. వెనక వచ్చేది చూడండి."

"ఆకుపచ్చ చార."

"ఆ పుస్తకంలో వాళ్ళ పేరు ఎక్కడా లేదు టీచరమ్మా. క్లబ్బులోనూ లేదు. స్టిక్కర్ ఎవరైనా అంటించుకోవచ్చు."

"కర్టెన్లు మూసి ఉన్నాయి. నేను అప్పుడే తగిలించినవి."

"అవును."

"నేను పట్టుకున్నాను."

"అవును."

"నేను గేటు ఎవరికీ పట్టుకోను హెడ్లీ. నువ్వు చూశావు కదా, నేను ఎప్పుడూ... ఆయన చెయ్యి ఊపాడు. మావాళ్ళు ఊపినట్టే ఊపాడు. అందుకే నేను..."

"పదిన్నరకి తిప్పాను, ఇటు చూడండి. వాన పడుతోంది. మీరు గేటు వేస్తున్నారు. వ్యాను అద్దం వెనక లవెల్. చెయ్యి చూశారా? ఆయనా ఊపాడు టీచరమ్మా."