పేర్లు కూడా వదలని తబితమ్మ

తబితమ్మ. నలభై దాటిన మనిషి, పొద్దున్నే కాఫీకి ముందు బైబిల్లో ఒక అధ్యాయం పైకి చదివేది. మీ మేనత్త పుష్పావతి ఇంట్లో గోడ మీద ఫోటో ఎవరిదని అడిగినావే చిత్రా, ఆమే. కూర్చో, నిలబడి వినేది కాదు. మన ఆండర్సన్‌పేటలో అందరమూ చదివేవాళ్లమే, ఎట్ల అంటే, నచ్చిన కీర్తన దగ్గర రిబ్బను పెట్టుకొని ఏడాదంతా ఆడే తిరిగేది. ఆమె అట్ల కాదు. మొదటి పేజీ నుంచి కడదాకా, మళ్లా మొదటికి. ఎవరు ఎవర్ని కన్నారని వరసగా పేర్లుంటాయి చూడు, ఆడ పాస్టరు కూడా రెండు పేజీలు కలిపి తిప్పేస్తాడు. ఈమె ఒక్క పేరు వదిలేది కాదు. "ఏం మే, వాళ్లంతా నీకు చుట్టాలా?" అని పక్కింటి గోడ మీంచి నేనడిగితే, "దేవుడు ఊరికే రాయించినాడా అక్కా" అనేది.

ఇంగ విను. వాళ్ల నాయన గనిలో దిగి ఎక్కి, ఎక్కి దిగి, కట్టుకున్న రేకుల ఇల్లు అది. దగ్గుతో పోయినాడు పాపం. మగబిడ్డ లేడు, ముగ్గురూ ఆడపిల్లలే. పెద్దది తబిత, మొగుడు పోయినాక నాయన దగ్గరే ఉండేది, ఆయన కళ్లె గిన్నె ఎత్తిపోసింది ఆమే. ఆ నాయన తమ్ముడి కొడుకు ఎవరు? మీ తాత బచ్చప్ప. మూతి ముడుచుకోవద్దు, జరిగింది చెప్తా ఉండాను. ఆయనొచ్చి "మగదిక్కు లేని ఇల్లు, మా వంశానికే రావాల" అన్నాడు. సంఘపెద్ద దానియేలప్ప తల ఊపేసినాడు. పోయినాయన కోసం పెట్టే ఆదరణ కూటంలో, ప్రార్థన అయినాక, అందరి ముందర ఇంటి బీగంచెవులు బచ్చప్ప చేతిలో పెట్టాలని నిర్ణయం. కోర్టుకి పోతే సంఘంలో పేరు కొట్టేస్తారంట.

మన కూటం పద్ధతి ఏందంటే, పోయినాయన పెద్దబిడ్డ వాక్యం చదవాల. ఆడదైతే చదవొచ్చు, వివరం చెప్పకూడదు. వివరం సంఘపెద్దదే. కానీ ఆమె చదివినదాని మీదే ఆయన చెప్పాల, వేరేది చెప్పకూడదు. ఈ పద్ధతి పెట్టింది మగోళ్లే, మేము కాదు.

"ఇరవైమూడో కీర్తనే కదమ్మా?" అన్నాడు దానియేలప్ప. "కాదప్పా, సంఖ్యాకాండం" అనింది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. చదివింది చూడు. సెలోపెహాదు అని ఒకాయన, అరణ్యంలో చచ్చిపోయినాడు, కొడుకుల్లేరు. మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా, ఐదుగురూ కూతుళ్లే. వాళ్లు పోయి మోషే ముందర, పెద్దలందరి ముందర నిలబడి, కొడుకు లేడని మా నాయన పేరు ఎందుకు పోవాల, మా భాగం మాకియ్యండి అన్నారు. మోషే పోయి దేవుణ్ణి అడిగితే దేవుడేమన్నాడు? వాళ్లు అడిగేది న్యాయమే, కూతుళ్లకియ్యి, కూతుళ్లు లేకపోతేనే అన్నదమ్ములకి అన్నాడు. చదివి, పుస్తకం మూసి, చాప మీద కూర్చునింది. నా చెయ్యి చూడు, ఇప్పటికీ వెంట్రుకలు లేస్తాయి. ఆ పేజీ అన్నేళ్లూ మా అందరి ఇండ్లలో ఉండింది మే, గుడ్డ చుట్టి దిండు కింద పెట్టుకొని.

దానియేలప్ప ఊరుకుంటాడా, చెమటలు కారతా గబగబా పేజీలు తిప్పినాడు. "ఆగండి, ముందర ఇంకా ఉండాది. ఆ ఆడపిల్లలు నాయన వంశంలోవాళ్లనే పెండ్లి చేసుకోవాలంట." మీ తాత మొహం దీపం మాదిరి వెలిగింది. తబిత మళ్లా లేచింది. "వివరం చెప్పడం లేదప్పా, అడుగుతా ఉండాను. మా వంశంలో పెండ్లికాని మగోడు బచ్చప్పన్న కొడుకు చంద్రు ఒక్కడే. ఐదో క్లాసు. పరీక్షలు అయిపోనీ, పెట్టుకుందామా?" ఆ చంద్రే మే మీ నాయన, వాళ్లమ్మ కొంగు పట్టుకొని "నాకొద్దు, నాకొద్దు" అని ఒకటే ఏడుపు. ఆడోళ్లమంతా కడుపు పట్టుకొని నవ్వినాము. నవ్వు మధ్యలో ఎవరో "ఆమేన్" అన్నారు, అందరం అందుకున్నాము. ఆమేన్ పడినాక సంఘపెద్ద చేసేదేముంది? "వాక్యం కూతుళ్లకే చెప్తా ఉండాది" అని కషాయం మింగినట్టు చెప్పి, బీగంచెవులు ఆమె చేతిలో పడేసినాడు.

మీ తాతా? చచ్చేదాకా ఆ వాకిలి తొక్కలా. ఆయన మాత్రం తన ఇల్లంతా మీ నాయన పేరుకి రాసినాడు. మొగుడు తరిమేస్తే మీ మేనత్త పుష్ప పుట్టింటికొచ్చి తలుపు కొట్టింది. ఆ ఇంట్లో ఎవరూ తీయలా.

తబితమ్మ తన తలుపు తీసింది. కన్ను మూసే ముందర, చెల్లెళ్లిద్దరితో సంతకం పెట్టించి, ఆ ఇల్లు పుష్పకి రాసిచ్చేసింది.