తీయని మూత

గద్వాలలోని ఒక పాత ఫోటో స్టూడియో. నేతపని చేసే ఒక అమ్మాయి తన తాత వాడిన ఫిల్ము కెమెరా తెచ్చింది. దానికి లెన్సు లేదు. స్టూడియో యజమాని రెండు లెన్సులు ఆమె ముందు పెట్టాడు.

“రేపు మా అవ్వ ఆఖరి చీర నేస్తది, మామా. ఫోటో మంచిగ రావాలె.”

“ఇది మూడు వేలు, అది ఇరవై వేలు. మూడు వేల సస్తది బిగించిన, చూడు బిడ్డా.”

“కెమెరా కిటికీల బొమ్మ రెండుగ కనవడుతుంది. లెన్సు తిప్పితే, చీరకు అంచు కలిసినట్టు ఒక్కటైతుంది.”

“ఇగ ఇరవై వేలది పెట్టిన. ఇప్పుడు?”

“అచ్చం గట్లనే ఉంది. నేత కండ్లు మావి, పోగంత తేడా ఉన్నా పట్టేస్త!”

“ఎట్ల పడతవ్? దీనికి చూసే కిటికీ వేరే, ఫోటో తీసే లెన్సు వేరే. రెండు లెన్సులకూ మూతలు నేను తీయనే లేదు.”

“...గట్లయితే సస్తదే ఇయ్యి మామా. మూత తీసుడు మరిచే నా అసొంటోళ్లకు ఇరవై వేలదెందుకు?”