ఒక్క సంతకం

నల్గొండ దిక్కు ఒక తహసీల్ ఆఫీసు. అన్నం డబ్బాలు విప్పే వేళ. అమరేందర్, సుచరిత, మెర్సీ ముగ్గురూ జూనియర్ అసిస్టెంట్లు.

“ఒక్క సంతకమే కదా మెర్సీ. పొద్దుగాల ఇచ్చిన కాగితం మీద ఒక్కటి గీకితే అయిపాయె.”

“అన్నం తిననియ్యి అమరన్నా.”

“తిను, తిను. తినుకుంటనే విను. రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ ప్రమోషన్ అంటే ఏమనుకున్నవ్ చెల్లె? గిర్దావర్ అయితే ఊర్లు తిరగాలె. చెలకలల్ల, గెట్ల మీద నడ్వాలె. నువ్వేమో...”

“నేనేమో?”

“అదే...”

“పోలియో కాలు. అను అన్నా. చిన్నప్పటి సంది నాతోనే ఉన్నది, నాకేం కొత్తగాదు.”

“అయ్యో, గట్లెందుకు మాట్లాడ్తవ్ మెర్సీ? అన్న నీ మంచికే చెప్తాండు.”

“సుచరితక్కా, నీకు మోకాళ్ల నొప్పులు. మీదికి ఎక్కుతుంటే మూడుసార్లు ఆగుతవ్. నీకు ప్రమోషన్ వద్దని ఎవరన్న కాగితం రాసి తెచ్చిన్రా?”

“నాదీ నీదీ ఒకటేనా?”

“తేడా ఏందో చెప్పు మరి.”

“ఇగో, పచ్చడి ఏసుకో.”

“జర కోపం తగ్గించు చెల్లె. ఏడేండ్లల్ల నిన్ను ఎన్నడన్న ఫీల్డుకు పంపినమా? మీటింగుకు మీది అంతస్తు ఎక్కనిచ్చినమా?”

“ఎక్కనియ్యలే. రేలింగు వట్టుకొని నేనే ఎక్కుత అంటే, ‘వద్దు వద్దు’ అని అడ్డం నిలవడ్డరు. మీటింగుల ఏమైందో మీరు చెప్తేనే నాకు తెలిసేది.”

“ప్రేమతోని చేసినం తల్లీ!”

“నా బండేసుకొని నార్కట్‌పల్లి దాక పోయొస్త. మా నాయిన కూలికి పోయిన చెలకలల్ల కర్ర వట్టుకొని తిరిగినదాన్ని. నడుస్తవా అని మీరు ఒక్కనాడన్న అడిగిన్రా?”

“సరే, తప్పే. ఇప్పుడు గా కాగితం సంగతి చూడు. నీకు తక్లీఫ్ లేకుండ మొత్తం నేనే రాసిన. ‘వికలాంగురాలిని, ఫీల్డు పని చేయలేను, ప్రమోషన్ వద్దు’ అని. ఇంకేం కావాలె?”

“ప్రమోషన్ లిస్టుల నా తర్వాత ఎవరున్నరు అన్నా?”

“గదెందుకిప్పుడు?”

“ఎవరున్నరు?”

“అన్నం సల్లారుతాంది మెర్సీ...”

“నువ్వాగక్కా. ఎవరున్నరు?”

“నేనే! అయితే ఏంది? ఇద్దరు ఆడపిల్లల తండ్రిని. ఇంకో ఆరేండ్లు గూడ సర్వీసు లేదు. నీకంటే ఎంత ముందుగాల నౌకరిల చేరిన! కోటాల వచ్చినదానివి, మా మీదికెల్లి దుంకి పోతవా?”

“ముందు చేరినవ్. డిపార్ట్‌మెంటు పరీక్షలు మాత్రం నా వెనక పాసైనవ్.”

“గిదే, గీ పొగరే వద్దనేది! నీ జీతం నీకొస్తది, నీ కుర్సీ నీకుంటది. ఏం తక్కువ?”

“గిర్దావర్ కుర్సీ తక్కువ.”

“అరే, చేతులెత్తి దండం వెడ్త. సంతకం చెయ్ మెర్సీ.”

“చేసిన.”

“ఆఁ?”

“పొద్దుగాల్నే చేసిన.”

“అవ్వో, నా బంగారు చెల్లె! విన్నవా సుచరితా? నేనేం చెప్పిన? మరి గింతసేపు నన్నెందుకు సతాయించినవ్?”

“నీ నోటితోని ‘నేనే’ అన్న మాట విందామని.”

“పోనీలే, పోనీలే. కాగితమేది?”

“ఇన్‌వార్డుల ఇచ్చిన. నంబరు పడ్డది. తహసీల్దార్ మేడం టేబుల్ మీదికి పోయింది.”

“మంచిగైంది.”

“సంతకం కింద ఇంకో రెండు ముక్కలు రాసిన అన్నా.”

“ఏం రాసినవ్?”

“‘పైది నేను రాసింది కాదు, దస్తూరి అమరేందర్ గారిది. నాకు ప్రమోషన్ కావాలి.’”