కుందూ పక్క చేనికి కంచె

"అవ్వా, రేపు కంచె వేసేటోళ్ళు వస్తాండారు. కుందూ పక్క చేనికి చుట్టూ ఇనుప జాలీ బిగించమని చెప్పినా. పదైదు గొర్రెలు గదా, ఒక్కటి గూడా బయటికి పోగూడదు."

చుట్టూనా? ఇట్ల వచ్చి కూర్చో మే సునీతా. బోర్డుంటే గీసి చూపిస్తాంటి. పోనీలే, నోటితోనే చెప్తా.

అప్పట్ల ఆ చేనికి వట్టి కంపకంచె. మీ తాత ఏటేటా ఎండాకాలంల తుమ్మకంప కొట్టుకొచ్చి కడతాండె. వానాకాలంల కుందూ పొంగితే యేటి పక్క కంపంతా కొట్టుకొని పోతాండె. మళ్ళా కడతాండె. ఆదివారం చర్చిలో పాటల పుస్తకం పట్టుకుంటే ఆయన చేతుల నిండా ముళ్ళ గీతలే. నాకు చూడబుద్ధి అయ్యేది గాదు. "ఏమయ్యా, ఎన్నేండ్లు యేటికి కంప మోస్తావు? రాతి కూసాలు పాతి జాలీ బిగిస్తే పోదా?" అన్నా. టీచరుద్యోగం వచ్చిన కొత్త, నాకు తెలీనిది లేదనుకుంటాంటి. ఆయన నా మాట తీసేసేటోడు గాదు. నాలుగు దిక్కులా బిగించినాం. గేటేమో యేటి పక్క పెట్టినాం, పాలిచ్చే ఎనుములు నీళ్ళకు పోను దగ్గరని. అదీ నా తెలివే.

పక్క చేను మద్దిలేటి, గొర్రెలు మేపేటోడు, చూసి నవ్వినాడు. "ఏం టీచరమ్మా, కుందూకు అడ్డం గోడ కట్నావే? యేరేమన్నా నీ బడిపిల్లోడా, చేతులు కట్టుకొని నిలబడనీకె?"

"గోడ కాదప్పా, జాలీ. సందుల్లోంచి నీళ్ళు పోతాయిలే" అన్నా.

ఈడ జాగ్రత్తగా విను. యేరు వట్టి నీళ్ళే తేదు. జొన్న దంట్లు తెస్తాది, తుంగ తెస్తాది, పైనూరోళ్ళ కంపలు తెస్తాది. ఆ ఏడు ఒక పొద్దున కుందూ చేన్లోకి ఎక్కింది. ఎక్కిన నీళ్ళు మళ్ళా దిగాల గదా? దిగే దోవలో ఆ చెత్తంతా జాలీకి అతుక్కొని, నిజంగానే గోడయింది. పైనుంచి వచ్చే నీళ్ళు దిగే దోవ లేక లోపలే పెరుగుతాండాయి. చేన్లో మూడు ఎనుములు... కాదు కాదు, రెండు ఎనుములు, ఒక దూడ. మూడోది మీ నాయన పుట్టినాక కొన్న్యాం. గేటు మునిగిపోయింది. అవి మెరకకు, అంటే బాట పక్కకు, వచ్చి జాలీకి ఆనుకొని అరుస్తాండాయి. మేం బయట, అవి లోపల, నడుమ నేను బిగించమన్న జాలీ.

మీ తాత మచ్చుకత్తితో కొడితే కత్తి ఎగిరొస్తాంది గానీ తీగ తెగదు. దూడకు గొంతు దాకా నీళ్ళు. అంతలో మద్దిలేటి పరిగెత్తుకొచ్చి, "కొట్టొద్దప్పా, కూసాల కాడ కట్లు ఇప్పండి!" అని కేక. ముగ్గురం మూడు కూసాల కాడ కూర్చున్యాం. నా గోళ్ళు ఊడినంత పనైంది. కట్లు ఇప్పి, జాలీని వంచి, మీ తాత దానిమీద ఎక్కి నిలబడితే ఎనుములు దాటినాయి. దూడను మద్దిలేటి చెవులు పట్టి లాగినాడు.

"టీచరమ్మా, నేను పాసైనట్టేనా?" అన్యాడు, రొప్పుతా.

"నువ్వు పాసప్పా. తప్పింది నేనే" అన్నా.

ఆ తర్వాత మూడు పక్కలే జాలీ. యేటి పక్క మళ్ళా కంపే, పాత నారతాడుతో వదులుగా కట్టేది. పొంగితే తాడు తెగి కంప పోతాది, నీళ్ళు దిగిపోతాయి, తక్కిన కంచె నిలబడతాది. గేటు మెరక పక్కకు మార్చినాం.

"అట్లయితే నీళ్ళకు చుట్టు తిరిగి పోవాల గదవ్వా?"

తిరగనీ. గొర్రెకు నాలుగు కాళ్ళుండేది దేనికి? ఫోన్ తీయ్, వాళ్ళకు ఇప్పుడే చెప్పు. కంప కట్టనీకె నేను గూడా వస్తా. ముడి ఎంత వదులుండాలో చేత్తో చూపించాల, చెప్తే రాదు. ప్రభువు చల్లగా చూస్తే నీ పదైదూ రేపటేడుకు ముప్పై అవుతాయి, ఆపైన యాభై... ఆ చేను చాలదు మే నీకు, చూస్తాండు...